తొమ్మిదేళ్ళ దూది

దూదిపిన్నికి తన నోరంటే తనకే రోత పుట్టి మూడు నెలలైంది.

పొద్దున్నే ఎవరూ చూడకుండా ముంజేయి నాకడం, అది ఆరేదాకా ఆగడం, ఆ తర్వాత వాసన చూసుకోవడం. లేవగానే ఆవిడ చేసే మొదటి పని ఇదే. చూసుకుని ఛీ అనుకోవడం రెండో పని. బ్రష్షు కుచ్చులు ఊడిపోయేలా తోమింది. లవంగాలు నమిలింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. గంటసేపు బాగానే ఉండేది. ఆ తర్వాత ఎడమవైపు కింది దవడలో, చిట్టచివరి నుంచి రెండో పన్ను అడుగునుంచి, ఏదో కుళ్ళునీరు ఊరి నాలుక మీదికి వచ్చేది. పూలు పెట్టి వారం రోజులు మరిచిపోయిన గ్లాసులో నీళ్ళు ఎవరైనా పొరపాటున తాగి ఉంటే, ఆ రుచి వాళ్ళకు తెలుస్తుంది. మిగతావాళ్ళకు చెప్పినా అర్థం కాదు, తెలియకపోవడమే మంచిది.

మొగుడు బస్సు డ్రైవరు. మాట కడుపులో దాచుకునే మనిషి కాదు. "ఏమే, నువ్వు మాట్లాడేటప్పుడు కాస్త ఆ కిటికీ వైపు తిరిగి మాట్లాడకూడదూ?" అన్నాడొకరోజు భోజనాల దగ్గర. నవ్వులాటకే అన్నాడు. కానీ కంచం నాలుగంగుళాలు అవతలికి జరుపుకున్నాడు చూశారూ, అది మాత్రం నవ్వులాట కాదు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

పోనీ ఏ కూరగాయల కొట్లోనో పనిచేసే మనిషైతే సరే. ఆవిడ పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర! ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో సక్షన్ పైపు పెట్టి ఉమ్ము లాగిన మనిషి. ఎంత కంపు నోటి ముందైనా ముఖం చిట్లించకుండా "కాస్త పెద్దగా తెరవండి బాబూ" అన్న మనిషి. సాయంత్రం టీ తాగుతూ ఆ నోళ్ళ గురించి టోకెన్లిచ్చే ఆవిడతో జోకులు వేసుకుని నవ్విన మనిషి కూడా. ఆ నవ్విందంతా ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్ళంతా కంపరమెత్తేది.

దూదిపిన్ని అన్న పేరు ఉత్తినే రాలేదు. ఆ ఆసుపత్రిలో వాడే దూది ఉండలన్నీ ఆవిడ చేతివే. పొద్దున్నే చేతులు శుభ్రంగా కడుక్కుని, పొడిగా తుడుచుకుని, దూది చుట్టలోంచి చిటికెడు తుంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, అరచేతిలో గుండ్రంగా తిప్పేది. ఆవగింజంత, పెసరగింజంత, బఠాణీగింజంత, మూడు సైజులు. ఒక్కటంటే ఒక్క పోగు బయటికి లేవకూడదు. పెద్ద డాక్టరు పెట్టిన రూలు అది. "పోగు లేచిన దూది పంటి లోపల పెట్టకూడదమ్మాయ్. పోగు అక్కడే చిక్కుకుంటుంది, తడి పీలుస్తుంది, కుళ్ళుతుంది," అనేవాడాయన. కొత్తలో ఒకసారి ఆవిడ హడావుడిగా నాలుగు ఉండలు వదులుగా చుట్టి పెడితే, ఆయన ట్రే ట్రే అంతా చెత్తబుట్టలో దులిపేశాడు. అప్పట్నుంచి ఆవిడ చుట్టిన ఉండను నేలకేసి కొట్టినా విచ్చుకునేది కాదు.

ఇప్పుడు పెద్ద డాక్టరుకు అరవై ఎనిమిదేళ్ళు. ఒక చెవి సరిగ్గా వినపడదు గానీ చెయ్యి మాత్రం వణకదు. మంగళవారం, శుక్రవారం పొద్దుటిపూట వచ్చి తన పాత కుర్చీ దగ్గర పాత పేషెంట్లను చూసుకుంటాడు. మిగతా రాజ్యమంతా కూతురిది. ఆ పిల్ల రూట్ కెనాల్ ఒక్కటే పనిగా పెట్టుకుని పెద్ద చదువు చదివొచ్చింది. అందులోనూ ఇతరులు చేసి పాడుచేసినవాటిని విప్పి మళ్ళీ చెయ్యడంలో దిట్ట. పేషెంట్లు డాక్టరమ్మ అంటారు. పిన్నికి మాత్రం బుజ్జి. పరికిణీ కట్టుకునే రోజుల్లోంచి ఎరుగును కదా.

పని బంగారం. నోరే మంచిది కాదు.

ఎవరి పన్ను తెరిచినా పాత డాక్టరును తిట్టనిదే ఆ పిల్లకు చెయ్యి ఆడదు. "ఇదేం పని? ఇది పనేనా? వీడికి డిగ్రీ ఎవడిచ్చాడు?" అంటూ మొదలుపెడుతుంది. పేషెంటు నోరు తెరుచుకుని, రబ్బరు గుడ్డ కింద గుడ్లు మిటకరిస్తూ వింటుంటాడు. అది చాలదన్నట్టు కార్డుల మీద కొత్తగా రెండు గడులు వేయించింది. ఒకటి 'ముందు చేసినవారు'. రెండోది 'లోపల దొరికినది'. చేతులు ఖాళీ లేవు కాబట్టి పైకి చెబుతూ ఉంటుంది, పక్కనున్నవాళ్ళు రాయాలి. "రాయి, పేరు రాయి. తెలియనీ నలుగురికీ."

ఈ గడుల్లో ఈ మధ్య పెద్ద డాక్టరు పేరు రెండుసార్లు పడింది. రెండూ పదిహేనేళ్ళ కిందటి పళ్ళు. పదిహేనేళ్ళు పనిచేసిన పన్ను అరిగితే తప్పేమిటని పిన్ని అడిగింది కూడా. బుజ్జి వినలేదు. తండ్రి వాడే దూదన్నా, ఆయన పాత సూదులన్నా, రబ్బరు గుడ్డ లేకుండా పని చెయ్యడమన్నా ఆ పిల్లకు అసహ్యం. ఆ అసహ్యాన్ని మర్యాదగా అణచుకుంటూ ఏదో ఒక సాకు కోసం చూస్తోంది.

ఆ సాకు పిన్ని నోట్లోనే దొరికింది.

ఎక్స్‌రే తీసి వెలుగులో పెట్టి చూపించింది బుజ్జి. పంటి వేరు చివర మినపగింజంత నల్లటి మచ్చ.

"చీము పిన్నీ. ఎముక తినేసింది. ఈ పన్ను ఎవరు చేశారు? నాన్నేగా?"

పిన్ని నీళ్ళు నమిలింది. "ఎప్పటి మాటే అది. తొమ్మిదేళ్ళయింది. పీకి పారెయ్యరాదూ? వదిలిపోతుంది."

"పీకడమెందుకు? నేను బాగుచేస్తా. కానీ ఒక్క మాట." గొంతు తగ్గించింది. "తెరిచాక లోపల చెత్తగానీ కనిపించిందా, ఇక నాన్న ఈ ఆసుపత్రిలో ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ఇరవై రెండేళ్ళు తన పక్కన నిలబడ్డ మనిషి పన్నే ఇలా చేశాడంటే, మిగతావాళ్ళ సంగతేంటి? ఎన్నాళ్ళని చూస్తూ ఊరుకోను? శుక్రవారం ఆయన ఉన్నప్పుడే తెరుద్దాం. ఆయన ముందే తేలిపోవాలి."

పిన్నికి ఒళ్ళు మండింది. ఈ రెండు పూటలు తప్ప ఆ మనిషికి వేరే లోకం లేదు. భార్య పోయి ఆరేళ్ళు. ఉతికిన తెల్లకోటు తనే ఇస్త్రీ చేసుకుని, పావుగంట ముందే వచ్చి గడియారం కింద కూర్చుంటాడు. అది కాస్తా లాక్కుంటే ఇక ఆయనకు మిగిలేదేముంది? పోనీ వైద్యం వద్దందామంటే నోట్లో ఆ కంపు. రాత్రంతా ఆలోచించింది. ఆఖరికి కంపే గెలిచింది. తన మీద తనకే చీదర పుట్టింది, అయినా శుక్రవారం వెళ్ళి కుర్చీలో పడుకుంది.

పిన్ని కుర్చీలో ఉంటే సక్షన్ పట్టుకునేదెవరు? ముందు గదిలో టోకెన్లిచ్చే ఆవిడను పిలిచారు. ఆవిడది మెత్తటి కడుపు. ఎవరైనా గట్టిగా కాండ్రించినా భోజనం మానేసే రకం.

"నావల్ల కాదు మేడమ్," అంది ముందే.

"పైపు పట్టుకోవడమేగా. ముక్కుతో కాదు, చేత్తో పట్టుకోండి," అంది బుజ్జి.

మత్తు ఇంజెక్షన్ పడింది. పెదవి, నాలుక సగం, చెంప మొద్దుబారాయి. పంటికి ఇనుప కొక్కెం తగిలించి, నోటినిండా ఆకుపచ్చ రబ్బరు గుడ్డ పరిచి, చుట్టూ ఫ్రేము బిగించింది బుజ్జి. గుడ్డకు పెట్టిన చిల్లులోంచి ఆ ఒక్క పన్నే బయటికి కనబడుతుంది. మిగతా నోరంతా లోపలే. ఇక మాట్లాడటం అన్న ప్రశ్నే లేదు. ఎంతమందికి ఈ గుడ్డ పరచడంలో సాయం చేసిందో పిన్ని! అది ఇంత చండాలంగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేం అనుకుంది. చెప్పేందుకు నోరుండదు కదా అని తర్వాత తట్టింది.

క్యాప్ కోసేసింది బుజ్జి. కింద ఉన్న సిమెంటు తొలిచింది. డ్రిల్లు ఆగింది.

ఆ తర్వాత వాసన వచ్చింది.

అబ్బా, అదేం వాసన! మూడు నెలలుగా చుక్కలు చుక్కలుగా కారిందంతా ఒక్కసారిగా మూత తీసినట్టు గుప్పున కొట్టింది. టోకెన్లావిడ "అమ్మో!" అని పైపు వదిలేసి, కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని, వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తింది. డోకుల చప్పుడు వినబడింది. పిన్నికి ప్రాణం చచ్చిపోయింది. ఇన్నేళ్ళు ఎదుటివాళ్ళ నోళ్ళ గురించి నవ్వినందుకు ఇప్పుడు తన నోటికి పక్కమనిషి కక్కుకుంటోంది. కళ్ళు మూసుకుందామనుకుంది, మూసుకుంటే వాసన ఇంకా ఎక్కువైంది.

"చూశావా పిన్నీ, చూశావా?" బుజ్జి గొంతులో అసహ్యంతోపాటు ఒక హుషారు కూడా ఉంది. పిన్నికి మరీ ఒళ్ళు మండింది దానికే. "పంటి వేర్లలో మూడు కాలువలుంటే రెంటికే మందు పెట్టాడు. మూడోదాన్ని ముట్టుకోనైనా లేదు. దాని మీద ఏం కుక్కాడో చూడు. ఛీఛీ. దూది! తీసెయ్యాల్సిన దూదిని శాశ్వత సిమెంటు కింద వదిలేశాడు!"

సన్నటి పట్టకారుతో పట్టి లాగింది. వచ్చింది. కాస్త సాగి, తెగకుండా, జిగురుజిగురుగా వచ్చింది. స్టీలు గిన్నెలో పడేసి, ఆ గిన్నెను పిన్ని ఛాతీ మీదుగా ఉన్న ట్రేలో పెట్టింది.

"రాయండి," అని కేకేసింది. టోకెన్లావిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వచ్చి కార్డు తీసింది. "ముందు చేసినవారు: పెద్ద డాక్టరు. లోపల దొరికినది: కుళ్ళిన దూది. రాశారా?"

"రాశాను మేడమ్."

పిన్ని కళ్ళు కిందికి తిప్పి గిన్నెలోకి చూసింది. కంపు సంగతి మరిచిపోయింది.

అది ఉండ కాదు. నల్లగా, పచ్చగా, జీడిలా ఉందిగానీ ఆకారం మాత్రం తెలుస్తూనే ఉంది. చుట్టకుండా, నలపకుండా, వేళ్ళతో పీకి కుక్కిన దూది పింజ. చుట్టూ పోగులు పోగులు. ఈ ఆసుపత్రిలో అలాంటి దూది పంటి లోపలికి వెళ్ళే వీలే లేదు. పెద్ద డాక్టరు చంపినా పెట్టడు.

అప్పుడు గుర్తొచ్చింది పిన్నికి. తొమ్మిదేళ్ళ కిందట ఇదే పంటికి మూడోసారి కూర్చున్న రోజు. పంటి నొప్పికి రాత్రంతా నిద్రలేక, ఆ పొద్దున ఉండలు చుట్టలేదు తను. డబ్బా ఖాళీ. ఆఖరి దఫా కాలువల్లో మందు నింపి మూసేయాలి. పెద్ద డాక్టరు మొదలుపెట్టబోతుంటే, ఉయ్యాల మీంచి పడి మూతి పగిలిన పసివాణ్ణి ఎత్తుకుని ఎవరో వచ్చారు. ఆయన అటు పరిగెత్తుతూ, ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురితో, "నువ్వు నింపెయ్ అమ్మా," అన్నాడు. ఆ పిల్ల బెదురుగా చూసింది. "నా మీద నేర్చుకో బుజ్జీ, నేను అరవనులే," అంది తనే! తనే అంది. కాసేపటికి ఆ పిల్ల దూది డబ్బా తెరిచి, ఖాళీగా ఉంటే విసుక్కుని, చుట్టలోంచి చిటికెడు పీక్కోవడం ఈ కళ్ళతోనే చూసింది. మూడో కాలువ దొరక్క చెమటలు పట్టడం కూడా చూసింది. "అయిపోయిందా?" అని అవతలి గదిలోంచి ఆయన అడిగితే, "అయిపోయింది నాన్నా," అంది ఆ పిల్ల. ఆ రోజు తీసిన ఎక్స్‌రే ఫిల్ము కడగడంలో నల్లబడిపోయింది. మళ్ళీ తీద్దామని ఎవరూ అనుకోలేదు. వారం తర్వాత పెద్ద డాక్టరు పైన క్యాప్ పెట్టాడు.

అదీ సంగతి. ఎవరి దూదో తెలుసు, నింద ఎవరి మీద పడుతోందో తెలుసు. నోరేమో కట్టేసి ఉంది.

"ఊఁ! ఊఁ!" అంది పిన్ని గుడ్డ కిందినుంచి.

"నొప్పా? నొప్పిగా ఉంటే చెయ్యెత్తు."

చెయ్యెత్తింది. చెప్పాలి కదా మరి.

"అయ్యో, చెప్పవేం మరి," అని బుజ్జి ఇంకో ఇంజెక్షన్ పొడిచింది. అంతవరకూ మొద్దుబారని సగం నాలుక కూడా మొద్దుబారింది. పిన్ని ఇంకోసారి చెయ్యెత్తబోయి, మూడో సూది గుర్తొచ్చి దించేసింది.

బుజ్జి గిన్నె తీసుకుంది. గ్లవుజులతోనే భుజంతో తలుపు తోసి ముందు గదిలోకి నడిచింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. సందులోంచి అంతా కనబడుతోంది. గడియారం కింద పెద్ద డాక్టరు పేపరు చదువుతున్నాడు. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు ముసలి పేషెంట్లు, ఆయన కోసమే వచ్చినవాళ్ళు.

"నాన్నా, ఇది చూడు."

ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు సర్దుకుని, గిన్నెలోకి వంగాడు. చాలాసేపు చూశాడు. పట్టకారు అడిగి తీసుకుని ఆ పింజను అటూ ఇటూ తిప్పాడు. పోగుల దగ్గర చెయ్యి ఆగింది. తలెత్తి కూతురి ముఖంలోకి చూశాడు. ఆ చూపు పిన్నికి కనబడింది. ఆయనకు తెలిసిపోయింది.

"పిన్ని పంట్లోది. తొమ్మిదేళ్ళు కుళ్ళింది. మూడో కాలువ అలాగే ఉంది. ఇంకా ఏం చెప్పాలి నాన్నా?"

ఆయన గిన్నె కింద పెట్టాడు. "నాదే తప్పమ్మా," అన్నాడు.

"అందుకే అంటున్నా, ఇక..."

"సరే. అలాగే." లేచాడు. కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. బెంచీ మీది ముసలాయన "అదేంటి డాక్టరుగారూ?" అంటే, "ఇక అమ్మాయి చూస్తుందండీ," అన్నాడు.

ఇక పిన్నికి పట్టలేదు. ట్రే పక్కకు నెట్టింది. కుర్చీ దిగింది. నోట్లో ఇనుప కొక్కెం, ముఖానికి ఫ్రేము, ఆకుపచ్చ గుడ్డ కిందినుంచి గడ్డం మీదుగా సొంగ. "వదినా, ఎక్కడికి? ఆ గుడ్డతో..." అని టోకెన్లావిడ అడ్డంపడితే పక్కకు తోసేసింది. అలమరా తెరిచి దూది డబ్బా తీసింది. పొద్దున తను చుట్టిన ఉండ ఒకటి తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. ఆ అవతారం చూసి బెంచీ మీది ముసలావిడ "అమ్మ బాబోయ్" అంది.

పిన్ని ఆ ఉండను గిన్నెలో, పింజ పక్కన పెట్టింది. వేలితో పింజను చూపించింది. బుజ్జిని చూపించింది.

బుజ్జి చూసింది. మొదట అర్థం కాలేదు. తర్వాత కళ్ళు ఉండ మీదినుంచి పింజ మీదికి, పింజ మీదినుంచి తన వేళ్ళ మీదికి వెళ్ళాయి. ముఖం మెల్లగా ఎర్రబడింది. పిన్ని ఆ ముఖాన్నే చూస్తోంది. గుర్తొచ్చింది, ఖాళీ డబ్బాతో సహా గుర్తొచ్చింది, అనుమానం లేదు. ఇప్పుడంటుంది, ఇప్పుడు నోరు విప్పుతుంది అని ఎదురుచూసింది.

"ఎందుకు లేచావు పిన్నీ?" అంది బుజ్జి. "తడి చేరితే పంటి పనంతా పాడవుతుంది. పద, వెళ్ళి పడుకో."

ఛీ! పిన్నికి ఆ మాట ఇందాకటి కంపుకన్నా రోతనిపించింది. పెద్ద డాక్టరు కూడా, "వెళ్ళమ్మాయ్, పని మధ్యలో లేవకూడదు," అన్నాడు మెత్తగా, విప్పిన కోటు మడతపెట్టుకుంటూ.

వెళ్ళి పడుకుంది. వెళ్ళక ఏం చేస్తుంది? సగం తెరిచిన పన్ను కదా.

తర్వాత గంటసేపు బుజ్జి తలెత్తకుండా పని చేసింది. తిట్లు లేవు, రాయండి లేదు. పాత మందంతా గీకి తీసింది. భూతద్దంలో చూస్తూ, సన్నటి సూది కొన వంచి, ఆ రోజు దొరకని మూడో కాలువ పట్టుకుంది. కడిగింది, మళ్ళీ కడిగింది. ఆ చేతిలో పనితనం ఉంది, అబద్ధమెందుకు? ఇంత పని వచ్చిన చెయ్యికి ఆ నోరేమిటని పిన్ని కుమిలింది. తన మీదే నేర్చుకుంది ఈ పిల్ల. ఇదా నేర్చుకున్నది?

లోపల మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసి, మిగతాది మంగళవారమని చెప్పి, రబ్బరు గుడ్డ తీసింది. టోకెన్లావిడ కార్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. పాపం, ఆవిడకు ఏదో తేడా ఉందని మాత్రం అర్థమైంది.

"మేడమ్, ఇందాక పెద్ద డాక్టరుగారి పేరు రాశాను. అలాగే ఉంచనా?"

బుజ్జి గ్లవుజులు విప్పుతోంది. అవతల ముందు గదిలో, ఇంతసేపూ తన సామానంతా సర్దుకున్న పెద్ద డాక్టరు సంచి జిప్పు లాగుతున్న చప్పుడు.

"ఊఁ. ఉండనీ," అంది, ఎవరి వైపూ చూడకుండా. "నాన్న ఒప్పుకున్నారుగా."

పిన్ని నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి బేసిన్‌లో ఉమ్మింది. గట్టిగా ఉమ్మింది. మూతి తుడుచుకోకుండానే చెయ్యి చాచి టోకెన్లావిడ చేతిలోంచి కార్డు లాక్కుంది. కలం కూడా లాక్కుంది. 'పెద్ద డాక్టరు' అన్నదాని మీద అడ్డంగా గీత కొట్టింది. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టింది. దాని పైన పెద్ద అక్షరాలతో రాసింది: బుజ్జి.

రాసి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

బుజ్జి చదివింది. డాక్టరమ్మ అని రాసి ఉంటే ఏమనేదో తెలియదు. వాదించేదేమో. ఆ రెండక్షరాలు చూసేసరికి తలెత్తి పిన్నిని చూసింది. ఆ రోజు కుర్చీలోంచి "నేను అరవనులే" అన్న మనిషి ఎదురుగా కూర్చుని, అదే పంటితో, ఇంకా అరవకుండానే చూస్తోంది. బుజ్జి కార్డు పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. పెద్ద డాక్టరు సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఉన్నాడు. ఆ ఇద్దరు ముసలివాళ్ళూ ఇంకా బెంచీ మీదే ఉన్నారు, ఎవరు చూస్తారో తెలియక.

"నాన్నా, ఆ దూది నాది," అంది బుజ్జి. అందరికీ వినబడేలా అంది, ఆయనకు ఒక చెవి వినపడదు కాబట్టి.

"తెలుసమ్మా. చూడగానే తెలిసింది."

"తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావ్?"

"క్యాప్ పెట్టింది నేను కదా. పరాయివాడు నింపిన పన్నైతే ఎక్స్‌రే మళ్ళీ తీయించేవాణ్ణి. నా కూతురు నింపింది కదాని తియ్యలేదు. అది నీ తప్పెలా అవుతుంది?"

తండ్రి కళ్ళలో నీళ్ళు. కూతురి కళ్ళలో నీళ్ళు. బెంచీ మీది ముసలావిడ కూడా కొంగు కళ్ళకద్దుకుంది. అంతా బాగానే ఉంది, చూడముచ్చటగానే ఉంది. గుమ్మంలో నిలబడ్డ పిన్నికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపండి!" అంది. మొద్దుబారిన మూతిలోంచి మాటతోపాటు ఉమ్మి కూడా వచ్చింది. తుడుచుకోలేదు. "మీ తండ్రీకూతుళ్ళ ప్రేమలు మీ ఇంట్లో చూసుకోండి. ఈవిడేమో తెలిసీ దాస్తుంది. మీరేమో తెలిసీ మోస్తారు. మీ ముద్దు కోసం, మీ పరువు కోసం తొమ్మిదేళ్ళు కుళ్ళింది ఎవరి నోరు? నాది! నా మొగుడు కంచం పక్కకు జరుపుకున్నాడు సార్, నా మొగుడు! ఒక్కరైనా అడిగారా, నీకెలా ఉందని?"

అడగలేదన్న సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసినట్టుంది. బుజ్జి నోరు తెరవబోయింది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"సారీలొద్దు. మంగళవారం నా పన్ను నింపాలి. మీరిద్దరూ ఉండాలి. ఒకరు చెయ్యండి, ఒకరు చూడండి. ఎవరు ఏదన్నది నాకనవసరం. చూడకుండా మాత్రం మూయకండి. ఇక మీదట ఎవరి నోరైనా సరే, అంతే. ఆ కోటు అక్కడ పెట్టండి సార్."

పెద్ద డాక్టరు సంచి జిప్పు తీశాడు. కోటు బయటికి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. బుజ్జి వచ్చి ఆయన చేతిలోంచి అందుకుని, మడతలు దులిపి, గడియారం పక్కన ఉన్న కొక్కేనికి తగిలించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పిన్ని ఆ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. తను చుట్టిన ఉండకు ఎక్కడా పోగు లేవలేదు గానీ, పక్కనున్న పింజ తడి పీల్చి అది కూడా అంచున పచ్చబడింది. రెండింటినీ కలిపి చెత్తబుట్టలో దులిపేసింది. గిన్నె సబ్బు వేసి తోమింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. నోట్లో మళ్ళీ నీళ్ళు పోసుకుని పుక్కిలించి, వేళ్ళ మీదికి ఉమ్మి వాసన చూసుకుంది.

ఇంకా కొడుతూనే ఉంది.